ఎగిరినవారి కథలు: చరిత్ర గ్రంథం నుంచి టెలివిజన్ తెరకు

విస్సన్నపేట నుంచి నూజివీడు మీదుగా గన్నవరం పోయే దారిలో మామిడి తోట కనిపించని చోటు తక్కువ. బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం కాయలు వేసవిలో ఆ దారినే లారీలెక్కి పోతాయి. ఆ తోటల వారికి విమానం అంటే గుర్తుకు వచ్చేది గన్నవరమే. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సైనిక అవసరాల కోసం ఏర్పడి, తరువాత పౌర విమానాశ్రయంగా మారిన స్థలం అది. 2003 సెప్టెంబరులో హైదరాబాదు బేగంపేట నుంచి ఆ గన్నవరానికి ఒక కొత్త సంస్థ తన మొదటి విమానాన్ని నడపబోయింది. సంస్థ పేరు ఎయిర్ డెక్కన్. కేంద్ర పౌర విమానయాన మంత్రి రాజీవ్ ప్రతాప్ రూడీ, అప్పటి భారతీయ జనతా పార్టీ అధ్యక్షుడు వెంకయ్య నాయుడు లోపల కూర్చున్నారు. విమానం నేల విడవక ముందే ఇంజనులో మంటలు లేచాయి. దైవకృప వల్ల ప్రాణనష్టం జరగలేదు.

ఆ సంస్థ స్థాపకుడు కెప్టెన్ గోపీనాథ్. సైన్యంలో పనిచేసి బయటికి వచ్చి, కర్ణాటకలోని హాసన్ జిల్లాలో పట్టుపురుగులు పెంచిన రైతు. సామాన్యుడు కొనగల ధరకు విమానం టిక్కెట్టు అమ్మవచ్చునని ఈ దేశానికి చూపినవాడు. ఆయన ఆత్మకథను ఆధారం చేసుకొని, తెలుగు కుటుంబంలో పుట్టిన దర్శకురాలు సుధ కొంగర తమిళంలో ఒక చిత్రం తీశారు. అది తెలుగులో ‘ఆకాశం నీ హద్దురా’ అనే పేరుతో 2020 నవంబరులో విడుదలయింది. మహమ్మారి కాలం కావడం వల్ల సినిమా హాళ్లకు పోకుండా నేరుగా ఇళ్లలోని తెరల మీదికే వచ్చింది. దానికి ఉత్తమ చిత్రంతో సహా జాతీయ బహుమతులు లభించాయి.

ఆ చిత్రంలోని కథానాయకుడు హాసన్ రైతు కాడు. మధుర ప్రాంతపు యువకుడు, వైమానిక దళంలో పనిచేసినవాడు. అతనికి ఎదురు నిలిచే పెద్ద విమాన సంస్థ యజమాని చిత్రం కోసం పుట్టిన పాత్ర. చిత్రం చూసిన గోపీనాథ్ స్వయంగా బహిరంగంగా చెప్పిన మాట ఒకటుంది: ఇందులో కల్పన చాలా ఎక్కువ, అయినా తన కథలోని సారాన్ని ఇది పట్టుకున్నది. గమనించవలసిన సంగతి ఇదే. కథ ఎవరిదో ఆ మనిషి బ్రతికి ఉన్నాడు. ఏది తనది, ఏది కాదు అని చెప్పగలిగాడు. ఆయన పుస్తకం అంగడిలో దొరుకుతుంది. కావలసినవారు పుస్తకాన్నీ చిత్రాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు.

మరి కథానాయకుడు చనిపోయి పదకొండు వందల ఏళ్లయితే ఆ మాట చెప్పేదెవరు?

విమానయాన ఆద్యుల జీవితాలను తెరకెక్కించాలన్న కోరిక ముస్లిం ప్రపంచంలో కొత్తది కాదు. 2010లో వచ్చిన ‘1001 ఇన్వెన్షన్స్’ వారి లఘుచిత్రంలో బెన్ కింగ్స్‌లీ నటించిన అల్-జజరీ పిల్లలకు పరిచయం చేసే శాస్త్రవేత్తల వరుసలో ఖుర్తుబా వాసి అబ్బాస్ ఇబ్ను ఫిర్నాస్ కూడా ఉన్నాడు. 1996లో తుర్కీలో హెజార్‌ఫెన్ అహ్మద్ చెలెబీ గురించి ఒక పూర్తి నిడివి చలనచిత్రం వచ్చింది. బగ్దాదు విమానాశ్రయం దారిలో ఇబ్ను ఫిర్నాస్ విగ్రహం నిలబడి ఉన్నది. చంద్రుని మీద ఒక బిలానికి ఆయన పేరు పెట్టారు. 2011లో ఖుర్తుబాలో ఒక వంతెనకూ పెట్టారు. ఇంత పేరున్న మనిషి గురించి మూలగ్రంథాలు చెప్పేదెంత అన్నది చాలామంది అడగని ప్రశ్న.

ఆయన జీవితమంతా చీకటి కాదు. హిజ్రీ 274లో, అనగా క్రీ.శ. 887లో మరణించాడు. అందలుసియాలోని రోందా ప్రాంతంలో పుట్టిన బర్బరు వంశీయుడు. ఖుర్తుబాలో ఉమవీ అమీర్ల ఆస్థానంలో కవిగా, జ్యోతిశ్శాస్త్రజ్ఞుడుగా మెలిగాడు. ఖలీల్ ఇబ్ను అహ్మద్ రచించిన ఛందస్సు గ్రంథం అందలుసియాకు చేరినప్పుడు దాన్ని విప్పి చెప్పగలిగిన మొదటివాడు ఆయనే అంటారు. రాతి నుంచి గాజు తీసే పద్ధతి కనిపెట్టాడు. కాలం తెలుసుకొనే యంత్రం చేశాడు. ఇంట్లోనే ఒక ఆకాశ మందిరం కట్టి, అందులో చుక్కలు, మబ్బులు, మెరుపులు, ఉరుములు చూపరులకు కనబడి వినబడేటట్లు ఏర్పాటు చేశాడు. టెలివిజన్ వాడికి ఇంతకంటె మంచి దృశ్యం ఏం కావాలి? అయినా అందరూ పరుగెత్తేది ఆ ఒక్క ఎగురుడు దగ్గరికే.

ఆ ఎగురుడు సంగతి మనకు ప్రధానంగా అల్-మఖ్ఖరీ రచించిన ‘నఫ్‌హుత్తీబ్’ ద్వారా తెలుస్తున్నది. అల్-మఖ్ఖరీ తిలిమ్సాన్‌లో పుట్టి, 1632లో కైరోలో మరణించిన చరిత్రకారుడు. అంటే ఇబ్ను ఫిర్నాస్ మరణానికీ ఈయన మరణానికీ మధ్య సుమారు ఏడు వందల నలభై ఐదేళ్లు. పూర్వుల గ్రంథాలను దగ్గర పెట్టుకొని వ్రాశాడు కనుక ఆయన మాటకు విలువ ఉన్నది. కాని చూసినవాడు కాడు. ఆయన చెప్పింది నాలుగైదు చిన్న వాక్యాలు. వాటిలో ఉన్న సంగతులు ఇవి మాత్రమే: ఇబ్ను ఫిర్నాస్ తన దేహాన్ని ఎగిరించడానికి ఉపాయం పన్నాడు. ఒంటికి ఈకలు తొడుక్కున్నాడు. రెండు రెక్కలు చేసుకున్నాడు. గాలిలో చాలా దూరం పోయాడు. దిగే ఉపాయం మాత్రం బాగా చేసుకోలేదు. వెనుక భాగాన దెబ్బ తగిలింది. పక్షి తోక మొదలు మీద వాలుతుందని అతనికి తెలియదు, తోక చేసుకోలేదు.

ఏ కొండ మీది నుంచి, ఏ సంవత్సరంలో, ఎందరు చూస్తుండగా, ఎన్ని నిమిషాలు అన్నది ఆ వాక్యాలలో లేదు. ఈనాడు పాఠ్యపుస్తకాలలోనూ ఉపన్యాసాలలోనూ వినిపించే 875వ సంవత్సరం, పది నిమిషాల ప్రయాణం, కొండ కింద మూగిన జనం ఇవన్నీ తరువాత చేరినవి.

ఎక్కడ చేరాయి అన్న విషయంలో అనువాదకులకు ఒక పాఠం ఉన్నది. అల్-మఖ్ఖరీ గ్రంథాన్ని ఐరోపా పాఠకులకు అందించిన వాడు స్పెయిను పండితుడు పాస్కువల్ దె గయాంగోస్. 1840-43 మధ్య లండనులో ప్రచురించిన తన ఆంగ్ల గ్రంథంలో ఆయన మూలాన్ని కుదించాడు, క్రమం మార్చాడు. ఇబ్ను ఫిర్నాస్ ఘట్టంలో ఆయన ఇంగ్లీషు రెండు సంగతులు చెబుతుంది. ఎగరడం చూసిన నమ్మదగిన రచయితల సాక్ష్యం ఉన్నదనడం ఒకటి. బయలుదేరిన చోటికే తిరిగి వచ్చి దిగాడనడం రెండవది. వాడుకలో ఉన్న ముద్రిత అరబీ పాఠంలో ఈ రెండూ కనబడవు. అక్కడ ఉన్నది దూరం పోయాడనీ, దిగడం సరిగా కుదరలేదనీ మాత్రమే.

ఇది చిన్న తేడా కాదు. రెక్కలు కట్టుకొని ఎత్తు మీది నుంచి దూకి జారుతూ పోయి కింద పడడం ఒక సంగతి. గాలిలో చుట్టు తిరిగి, ఎత్తును నిలుపుకొని, బయలుదేరిన చోటనే దిగడం మరొక సంగతి. మొదటిది సాహసం, రెండవది విమానం. 1903 డిసెంబరు 17న రైట్ సోదరుల యంత్రం మొదటిసారి ఎగిరినప్పుడు గాలిలో ఉన్నది 12 సెకన్లు, పోయింది 120 అడుగులు, అదీ తిన్నగా. వారు చుట్టు తిరగడం నేర్చుకోవడానికి మరో ఏడాది పట్టింది. ఆంగ్లానువాదంలోని ఆ ఒక్క పదబంధాన్ని నమ్మిన స్క్రీన్‌ప్లే రచయిత ఇబ్ను ఫిర్నాస్ చేత వెయ్యేళ్ల ముందే ఆ పని చేయిస్తాడు. తప్పు అతనిది కాదు. అతడు చదివిన పుస్తకంలో అలాగే ఉన్నది. మూలం చూడని వాడిదీ, మూలం చూడగలిగి ఉండి చెప్పని వాడిదీ ఆ తప్పు.

వెనుక భాగం అన్న అరబీ మాటకు గయాంగోస్ వీపు అన్నాడు. కొన్ని కథనాల్లో వీపు కాస్తా వెన్నెముక అయింది, దెబ్బ కాస్తా విరగడం అయింది. నిజానికి ఆ వాక్యంలో కొంచెం హాస్యం కూడా ఉన్నది. తోక ఉండవలసిన చోటనే దెబ్బ తగిలింది అన్న చమత్కారం మూలంలో స్పష్టం. వెన్నెముక విరిగిన వీరుడి కథలో ఆ చమత్కారం పోతుంది.

మరొక మాట తెలుగువారికి ప్రత్యేకంగా ఆసక్తి కలిగిస్తుంది. దిగడానికి అక్కడ వాడిన క్రియ ‘వఖఅ’. సాధారణంగా దాని అర్థం పడడం. పక్షి విషయంలో చెప్పినప్పుడు కొమ్మ మీదో నేల మీదో వాలడం. ఒకే క్రియలో పడడమూ వాలడమూ రెండూ ఉన్నాయి. ఇబ్ను ఫిర్నాస్ కథ మొత్తం ఆ రెండింటి మధ్య ఉన్నది. పక్షి వాలుతుంది, మనిషి పడ్డాడు. తెలుగులో వాలడం అన్న మాట పక్షికే అచ్చంగా సరిపోతుంది. దిగాడు అని అనువదిస్తే అర్థం చెడదు గాని ఆ పోలిక కనబడకుండా పోతుంది.

ఇక ఈ ఉల్లేఖనం ఎంతవరకు నిలుస్తుంది? హదీసు శాస్త్రంలో ఇస్నాదు అంటే ఎవరు ఎవరి దగ్గర విని చెప్పారన్న గొలుసు. మత్న్ అంటే చెప్పిన విషయం. చరిత్ర వార్తలకు హదీసు గీటురాళ్లన్నీ యథాతథంగా పట్టవు, నిజమే. అయినా వార్తను తేటపరచుకొమ్మన్న సూరా అల్-హుజురాత్ ఆదేశం ఒక్క మత విషయాలకే పరిమితమని ఎవరూ అనలేదు. ఇక్కడ గొలుసు పొడుగు, మధ్య కొక్కేలు కొన్ని కనబడవు. కాని ఒక బలమైన సాక్ష్యం ఉన్నది. అది వచ్చింది స్నేహితుడి నుంచి కాదు. అదే ఆస్థానంలో ఉన్న ముఅ్‌మిన్ ఇబ్ను సయీద్ అనే కవి ఇబ్ను ఫిర్నాస్‌ను వెక్కిరిస్తూ పద్యాలు చెప్పాడు. ఆకాశ మందిరాన్ని వెక్కిరించాడు. రాబందు ఈకలు తొడుక్కొని ఎగరబోయినందుకూ వెక్కిరించాడు. పొగిడేవాడు లేని ఘనకార్యాన్ని కల్పించవచ్చు. వెక్కిరించేవాడికి ఆ అవసరం ఉండదు. కనుక ఈకలు తొడుక్కొని ఎగిరే ప్రయత్నం ఒకటి జరిగిందన్నది గట్టి మాట. చాలా దూరం అన్నది అంత గట్టిది కాదు. కొండ, తేదీ, జనం అసలు లేనే లేవు.

తోక సంగతి కూడా కొంచెం ఆగి చూడదగినది. ఇంగ్లండులో మామ్స్‌బరీ మఠానికి చెందిన ఐల్మర్ అనే సన్యాసి పదకొండవ శతాబ్దిలో రెక్కలు కట్టుకొని గోపురం మీది నుంచి ఎగిరి, కాళ్లు విరగ్గొట్టుకొన్నాడని విలియమ్ అనే చరిత్రకారుడు సుమారు 1125లో వ్రాశాడు. ఆ ఐల్మర్ కూడా తన పతనానికి తోక లేకపోవడమే కారణమన్నాడట! అమెరికా చరిత్రకారుడు లిన్ వైట్ 1961లో ఐల్మర్ గురించి వ్రాసిన వ్యాసంలో ఈ రెండు కథలనూ చేర్చి పరిశీలించాడు. రెండు దేశాలు, రెండు మతాలు, ఒకే కారణం. ఇద్దరికీ పక్షిని చూసే కన్ను ఒకటే కావచ్చు. కథ చేతులు మారి ఉండవచ్చు. నాటక రచయిత ఇక్కడ తొందరపడి తీర్పు చెప్పనక్కర లేదు.

మదరసాలో ‘సిహాహ్’ నిఘంటువు తిరగేసినవారికి దాని కర్త అల్-జౌహరీ మరణం గురించి తెలిసే ఉంటుంది. నీషాపూర్‌లో మసీదు కప్పు మీదికెక్కి, రెండు తలుపు రెక్కలను తాళ్లతో ఒంటికి కట్టుకొని, ఇంతకు ముందెవరూ చేయని పని చేస్తానని ప్రకటించి దూకి చనిపోయాడని యాఖూత్ వ్రాశాడు. క్రీ.శ. 1003 ప్రాంతపు మాట; కొందరు మరికొన్నేళ్లు ముందుకు జరుపుతారు. మతి చలించిందని ఆ కథనమే సూచిస్తుంది. వేల మాటలకు అర్థం తూచి చెప్పిన మనిషి చివరికి తలుపు రెక్కలను రెక్కలనుకోవడం ఎంత విషాదం. అయినా ఇతణ్ణి విమానయాన ఆద్యుల జాబితాలో చేర్చి సంబరపడేవారున్నారు.

హెజార్‌ఫెన్ కథకు ఒకే ఒక్క మూలం, ఎవ్లియా చెలెబీ యాత్రాగ్రంథం. గలతా బురుజు నుంచి బాస్ఫరస్ జలసంధి దాటి ఉస్కుదార్‌లో దిగాడనీ, నాలుగవ మురాద్ సుల్తాను అతనికి బంగారు నాణేల సంచి ఇచ్చి, ఇలాంటివాడు ప్రమాదకరమని అల్జీరియాకు పంపివేశాడనీ అందులో ఉన్నది. ఎవ్లియా గొప్ప యాత్రికుడు, అంతకంటె గొప్ప కథకుడు. సుల్తాను ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో వెళ్లగొట్టడం నాటకానికి ఎంత బాగుంటుందో, చరిత్రకు అంత జాగ్రత్త కావాలి.

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి ముస్లింలు ఎగరలేదని నిరూపించడమే ఉద్దేశమని ఎవరైనా అనుకోవచ్చు. కాదు. సమస్య మొదట ఎగిరింది మనమే అన్న ఆరాటంలో ఉన్నది. ఆ ఆరాటం ఎంత దూరం పోయిందంటే, కొన్ని ఆధునిక పుస్తకాలు 852లో ఖుర్తుబా మినారు మీది నుంచి వస్త్రం కట్టుకొని దూకిన ‘ఆర్మెన్ ఫిర్మాన్’ అనే మరో వీరుణ్ణి తయారుచేశాయి. అరబీ మూలాల్లో ఆ పేరు లేదు. ఇబ్ను ఫిర్నాస్ పేరే లిపులు దాటేటప్పుడు చెడి, ఒక మనిషి ఇద్దరయ్యాడని తోస్తుంది. ఉచ్చారణ పొరపాటుకు జీవితచరిత్ర పుట్టింది!

ఈ జబ్బు ఒక్క సమాజానిది కాదు. 1895లో బొంబాయి చౌపాటీలో శివకర్ బాపూజీ తల్పడే మనిషి లేని విమానాన్ని ఎగరవేశాడన్న కథ ఉన్నది. దాన్ని నిలబెట్టే సమకాలిక ఆధారం లేదు. ఆ కథను తీసుకొని 2015లో ‘హవాయీజాదా’ అనే హిందీ చిత్రం వచ్చింది. ఆ ప్రయత్నానికి మూలమని చెప్పే ‘వైమానిక శాస్త్రం’ గురించి బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఆచార్యులు 1974లోనే పరిశీలన జరిపి, అది ఇరవయ్యవ శతాబ్దం మొదట్లో తయారైన గ్రంథమనీ, అందులోని విమానాలు ఎగరలేవనీ తేల్చారు. ఆ ఆచార్యుల పని చూసి చప్పట్లు కొట్టే ముస్లిం పాఠకుడు అదే గీటురాయిని పది నిమిషాల ప్రయాణం మీద కూడా గీసి చూడాలి. లేకపోతే ఆ చప్పట్లకు అర్థం లేదు.

ఇప్పుడు టెలివిజన్ పనితీరు సంగతి. 1975-76లో ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు బోధనాత్మక కార్యక్రమాలు అందించినప్పుడూ, 1977 అక్టోబరులో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం మొదలైనప్పుడూ ఈ సాధనం మీద ఉన్న ఆశ చదువు చెబుతుందనే. చదువు చెప్పే సాధనానికి నాటకం ఎందుకు? ఎందుకంటే అరగంట సేపు ఒక పండితుడు మాట్లాడితే వినే ఇంట్లోవారు తక్కువ. నాటకానికి మాటలు కావాలి, ఎదిరించేవాడు కావాలి, గడువు కావాలి, చివరికి ఏదో ఒకటి తేలాలి. జీవితాల్లో ఇవి వరుసగా దొరకవు. కనుక రచయిత చేర్చక తప్పదు. మసీదు అరుగుల మీద కథలు చెప్పిన ఖుస్సాసుల కాలం నుంచీ ఉన్న ఇబ్బందే ఇది. క్రీ.శ. 1201లో మరణించిన ఇబ్నుల్ జౌజీ ఆ కథకుల గురించి ప్రత్యేకంగా ఒక గ్రంథమే వ్రాశాడు. జనాన్ని మంచికి తిప్పే కథకుణ్ణి ఆయన తోసిపుచ్చలేదు. ఉల్లేఖనాలు కల్పించే కథకుణ్ణి క్షమించలేదు.

చేర్చినవన్నీ ఒకే రకం కావు. ఇబ్ను ఫిర్నాస్ తన శిష్యుడితో ఈక బరువు గురించి మాట్లాడినట్టు రెండు మాటలు వ్రాస్తే ఎవరికీ నష్టం లేదు. పదేళ్ల పనిని పది నిమిషాలకు కుదించినా ఫరవాలేదు. ఫలితాన్ని మార్చితే, అంటే పడినవాణ్ణి పడకుండా దింపితే, అది చరిత్ర కాదు. అన్నిటికంటె ప్రమాదకరం లేని శత్రువును పుట్టించడం.

దీనికి ఇటీవలి ఉదాహరణ ఉన్నది. 2022లో వచ్చిన ‘రాకెట్ బాయ్స్’ ధారావాహిక హోమీ భాభా, విక్రమ్ సారాభాయిల జీవితాల మీద తీసినది. తరువాతి కాలంలో హైదరాబాదు క్షిపణి ప్రయోగశాలకు సంచాలకుడైన అబ్దుల్ కలామ్ యువకుడుగా అందులో కనబడతాడు. చాలా శ్రద్ధతో తీసిన ధారావాహిక, చూడదగినదే. అయితే అందులో భాభాకు ప్రత్యర్థిగా మెహదీ రజా అనే ముస్లిం భౌతికశాస్త్రవేత్తను పెట్టారు. అలాంటి మనిషి చరిత్రలో లేడు. అణుశక్తి విధానం విషయంలో భాభాతో గట్టిగా విభేదించినవాడు మేఘనాథ్ సాహా, ఢాకా దగ్గరి పల్లెలో పేద కుటుంబంలో పుట్టి, ప్రపంచం గుర్తించిన ఖగోళ భౌతికశాస్త్రవేత్త అయి, 1952లో లోక్‌సభకు కూడా ఎన్నికైనవాడు. సాహా వాదనలను ఒక కల్పిత ముస్లింకు తగిలించారని విమర్శకులు పత్రికల్లో ప్రశ్నించారు. పాత్ర కల్పితమేనని తీసినవారి మాట. కల్పితమే, సరే. కాని కల్పించేటప్పుడు అనుమానించదగిన వాడికి ఆ పేరే ఎందుకు తోచింది? సాహాకూ నష్టమే జరిగింది: ఆయన వాదనలో ఉన్న బలం ప్రేక్షకుడికి చేరలేదు. ఒక పల్లెటూరి పిల్లవాడు ఆ ధారావాహిక చూసి, నిజంగా ఉన్న ముస్లిం శాస్త్రవేత్త కలామ్‌నూ, లేని ముస్లిం శాస్త్రవేత్త రజానూ ఒకే తూకంతో మనసులో పెట్టుకుంటాడు. వాడికి తేడా చెప్పేదెవరు?

ప్రకటన వేస్తే సరిపోతుందని కొందరంటారు. 1990లో దూరదర్శన్‌లో ‘టిప్పు సుల్తాన్ ఖడ్గం’ హిందీ ధారావాహిక వచ్చినప్పుడు ఆ పనే జరిగింది. భగవాన్ గిద్వానీ నవల ఆధారంగా తీసిన ఆ ధారావాహిక మీద వివాదం రేగితే, ఇది కల్పన, టిప్పు జీవితంతోగాని పాలనతోగాని దీనికి సంబంధం లేదు అన్న అర్థం వచ్చే ప్రకటనను చూపుతూ ప్రసారం చేశారు. రాకెట్ల చరిత్రలో మైసూరుకు ఉన్న స్థానం ప్రపంచమంతా ఒప్పుకొన్నదే. టిప్పు ఉన్నాడు, పాలించాడు, 1799లో శ్రీరంగపట్నంలో మరణించాడు. ఆ ప్రకటన నిజమూ కల్పనా కలిపి మొత్తాన్నీ కాదన్నది. ఏది నిజమో చెప్పని ప్రకటన వల్ల ప్రేక్షకుడికి ఒరిగింది ఏమీ లేదు. వారం వారం దాన్ని దాటేసి కథ చూశాడు.

పనికివచ్చే పద్ధతి మరొకటి ఉన్నది, అదీ కొత్తది కాదు. మన పూర్వ చరిత్రకారులు ఒకే సంఘటనకు రెండు మూడు ఉల్లేఖనాలుంటే వాటిని కలిపి ఒక్కటి చేయకుండా, ఇలా చెప్పారు, ఇలా కూడా చెప్పారు అని వరుసగా పెట్టారు. తబరీ గ్రంథం తెరిచినవారికి ఇది తెలుసు. టెలివిజన్ కూడా ఈ పని చేయగలదు. అల్-మఖ్ఖరీ వ్రాసుకుంటూ కూర్చున్న కైరో గదిలో నాటకం మొదలు కావచ్చు. ఆయన ముందు పాత వ్రాతప్రతులుంటాయి. ఆయన చదివినంత మేరకే ఖుర్తుబా కనబడుతుంది. తరువాత అదే ఘట్టం ముఅ్‌మిన్ ఇబ్ను సయీద్ నోట వెక్కిరింతగా వస్తుంది. అప్పుడు లండనులో గయాంగోస్ కలం పట్టుకొంటాడు. ఈసారి ఇబ్ను ఫిర్నాస్ చుట్టు తిరిగి బయలుదేరిన చోటికే వస్తాడు. ఒకే మనిషి మూడుసార్లు ఎగిరి మూడు రకాలుగా దిగుతాడు. ప్రేక్షకుడు కథా చూస్తాడు, కథ ఎలా పెరిగిందో కూడా చూస్తాడు. దీనికి ఖర్చు ఎక్కువ కాదు. శత్రువును పుట్టించవలసిన అవసరం అంతకన్నా లేదు.

తెలుగునాట తీయదలచినవారికి ఖుర్తుబా దాకా పోనక్కర లేకుండా హైదరాబాదులోనే ఒక కథ ఉన్నది. నిజాం ప్రభుత్వం, టాటాల భాగస్వామ్యంతో 1945లో బేగంపేట కేంద్రంగా మొదలైన డెక్కన్ ఎయిర్‌వేస్, 1953 జాతీయీకరణలో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. 1947లో వాణిజ్య విమానచోదక అనుమతి పొంది, ఆడమనిషి అని పలు సంస్థలు కాదన్న ప్రేమ్ మాథుర్‌కు ఉద్యోగం ఇచ్చింది ఈ డెక్కన్ ఎయిర్‌వేసే. 1949లో ఆమె జాతీయ విమాన పందెం గెలిచింది. ఇందులో కల్పించవలసినది దాదాపు ఏమీ లేదు. ఆధారాలు తవ్వి తీయవలసిన శ్రమే ఉన్నది.

మళ్లీ తోక దగ్గరికి. ఇబ్ను ఫిర్నాస్‌కు తోక ఉన్నా ఎగిరేవాడు కాడేమో. మనిషి కండరాలకు రెక్కలాడించి ఒంటిని మోసే శక్తి లేదని ఇటలీకి చెందిన బొరెల్లీ 1680లో వెలువడిన గ్రంథంలో లెక్క కట్టి చూపాడు. రైట్ సోదరుల మొదటి యంత్రానికి ముక్కు పైకీ కిందికీ తిప్పే పలక ముందువైపు ఉండేది. అయినా దిగేటప్పుడు ఒంటిని సరైన కోణంలో నిలపకపోతే పడతామన్న గమనిక సరైనదే. గన్నవరానికి బయలుదేరబోయిన ఎయిర్ డెక్కన్ ఏటీఆర్ విమానానికి ఆ పని చేసే పలకలు తోక కొసన, నిలువు రెక్క పైన ఉంటాయి.

మామిడి కాపు పక్వానికి వచ్చే రోజుల్లో విస్సన్నపేట తోటల్లో కాపలా ఉండే కుర్రవాడికి చిలకలతోనే పోరు. వడిసెల పట్టుకొని నిలబడితే గుంపు లేస్తుంది, మరో చెట్టు మీద వాలుతుంది. వాలే ముందు చిలక ఒక్క క్షణం ఒంటిని నిలువుగా ఎత్తి, రెక్కలు వెనక్కి కొట్టి, తోకను విసనకర్రలా విప్పుతుంది. అప్పుడు గాని కాళ్లు కొమ్మను అందుకోవు. నాటకం తీసేవారు కెమెరాను మొదట ఆ తోట దగ్గర పెట్టి, ఆ తోక విప్పడాన్ని నెమ్మదిగా రెండుసార్లు చూపి, ఆ తరువాత ఖుర్తుబాకు పోవచ్చు.